కుళాయి కింద గొడుగు కథ

గొడుగు బాబాయికి జీవితంలో ఒకే ఒక్క కథ వచ్చు. అది చెప్పడానికి ఆయనకి సరిగ్గా పదిహేను నిమిషాలు పట్టేది. పెంచమన్నా పెంచడు, కాళ్ళావేళ్ళా పడ్డా తగ్గించడు. ఇంకో నియమం కూడా ఉంది: చేతులు పొడిగా ఉన్నవాడికి ఆ కథ చెప్పడు. వినాలంటే నీ చెయ్యో కాలో ముఖమో కుళాయి కింద ఉండాలి, నీళ్ళు పారుతూ ఉండాలి, నువ్వు లబోదిబోమంటూ ఉండాలి. నా తిరుగుళ్ళలో చాలామంది కథకుల్ని చూశాను. శ్రోతని తడిపి మరీ కథ చెప్పేవాణ్ణి మాత్రం ఈయన్నొక్కణ్ణే చూశాను.

నేను ఏ ఊళ్ళోనూ మూడేళ్ళు మించి నిలవని మనిషిని. అచ్చు యంత్రాల దగ్గర తప్పులు దిద్దాను. ఓడలో వంటవాడికి ఉల్లిపాయలు తరిగాను. ఒక గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే పనికి చేరి, సర్దకుండా చదువుతూ కూర్చున్నందుకు బయటికి పోయాను. ఆ పోవడం పోవడం వెళ్ళి పడ్డది ఒక పూతల కార్ఖానాలో. సైకిల్ బెల్లులకీ తలుపు పిడులకీ నికెల్ పూత పూసే చోటు. నాకిచ్చిన ఉద్యోగం ఏమిటంటే, పూత పూసిన ప్రతి బెల్లునీ ఒకసారి మోగించి చూడటం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా మోగించేవాణ్ణి. ఇంటికెళ్ళాక కూడా ఎవరో దారి అడుగుతున్నట్టే ఉండేది.

కార్ఖానాలో వరసగా తొట్లు. మొదటిది కాస్టిక్ సోడా తొట్టి, ఎప్పుడూ ఉడుకుతూ ఉండేది. బెల్లుకి అంటుకున్న నూనె జిడ్డంతా అందులో వదిలేది. తర్వాత నీళ్ళ తొట్టి. తర్వాత యాసిడ్ తొట్టి, అందులో తుప్పు వదిలేది. మళ్ళీ నీళ్ళు. ఆఖర్న నికెల్. అంటే బెల్లు ముందు క్షారం దగ్గర చీవాట్లు తిని, తర్వాత ఆమ్లం దగ్గర చెంపదెబ్బలు తిని, అప్పుడు గాని కొత్త బట్టలు కట్టుకోదు. ఈ తొట్లన్నిటికీ పెద్ద గొడుగు బాబాయే. పొట్టి మనిషి. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కళ్ళకి అంటిపెట్టుకున్న కళ్ళద్దాలు, మోకాళ్ళు దాటిన రబ్బరు ముందుగుడ్డ. గొడుగు మాత్రం ఉండేది కాదు. వానాకాలం నాలుగు నెలలూ తడిసి ముద్దై వచ్చేవాడు. "పేరులో గొడుగు పెట్టుకుని తడుస్తావేం బాబాయ్?" అని అడిగితే, "చూస్తున్నాను, మంచిది దొరకాలి కదా," అనేవాడు.

ఇవి తప్ప ఆయన నోట్లోంచి మాట రావడం గగనం. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఆయనకి జ్వరం వచ్చిందేమోనని చూసేవాళ్ళం. ఆ పదిలోనూ ఆరు ఒకటే వాక్యానివి: "ముందు నీళ్ళు, తర్వాత యాసిడ్. మెల్లిగా, సన్నధారగా." యాసిడ్ పలచన చెయ్యాల్సి వచ్చినప్పుడల్లా ఇదే మంత్రం. నీళ్ళలో యాసిడ్ పొయ్యాలి గాని యాసిడ్‌లో నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే పైపైనే మరిగి ముఖాన చిమ్ముతుంది. "కోపిష్టిని చల్లని ఇంటికి పంపాలి. చల్లనివాణ్ణి తీసుకెళ్ళి కోపిష్టి ఇంట్లో పడేస్తే ఊరుకుంటాడా?" అని ఒక్కసారి, నేను చేరిన రోజు, వివరించాడు. అంత పెద్ద ఉపన్యాసం మళ్ళీ నేను వినలేదు, కుళాయి కింద తప్ప.

నేను చేరిన అయిదో రోజు యాసిడ్ తొట్టిలోంచి తీసిన బెల్లుల దండెం ఒకటి పొరపాటున పట్టుకున్నాను. మణికట్టు మీద యాసిడ్ కారింది. చురుక్కుమంది. నేను చదువుకున్నవాణ్ణి కదా, వెంటనే తెలివి పనిచేసింది. ఆమ్లానికి విరుగుడు క్షారం. పక్కనే క్షారం తొట్టి ఉడుకుతోంది. అటు పరుగు తీశాను. వెనకనుంచి ఎవరో నా చొక్కా కాలరు పట్టుకుని గాల్లోకి లేపారు.

"ఎక్కడికి?"

"సోడా తొట్టికి బాబాయ్! ఒక్క ముంచు ముంచితే యాసిడ్ విరిగిపోతుంది."

"ఎవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉంది."

"పుస్తకానికి చర్మం ఉందా?"

నేను పుస్తకం పేరు చెప్పబోయాను. ఈలోగా నా చెయ్యి కుళాయి కిందికి వెళ్ళిపోయింది. రెండో చేత్తో బాబాయి నా భుజం నొక్కిపట్టాడు. గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాడు.

"ఒకరోజు మబ్బు పట్టింది. నాకు గొడుగు లేదు. కొందామని బయల్దేరాను. దారిలో మా పెదనాన్న ఇల్లు. అడిగి వెళ్దామని తలుపు తట్టాను. తియ్యలేదు. మళ్ళీ తట్టాను..."

"బాబాయ్, మంట తగ్గింది. ఇక చాలు."

"పెదనాన్న ఇంకా తలుపు తియ్యలేదు. ఉండు."

పెదనాన్న తలుపు తియ్యడానికే మూడు నిమిషాలు పట్టింది. తీసి, "కొనడం దేనికిరా, నా గొడుగు తీసుకుపో," అన్నాడట. చూస్తే చువ్వలే ఉన్నాయి, గుడ్డ లేదు. "గుడ్డ లేదు పెదనాన్నా." "సగం నేనిస్తున్నాను కదరా, మిగతా సగం నువ్వు తెచ్చుకోలేవా?" ఏడో నిమిషానికి దుకాణం వచ్చింది. ఆ దుకాణదారు భార్య ఒక నియమం పెట్టింది: దుకాణంలో గొడుగు విప్పకూడదు, గాజు సీసాలు పగుల్తాయి. విప్పి చూడాలంటే బయటికి వెళ్ళాలి. బయట వాన. తడిసిందా, అది వాడేసిన గొడుగు, కొనాల్సిందే. "తడవకుండా అది గొడుగో కాదో ఎలా తెలుస్తుందయ్యా?" "తడిస్తే అది మీ గొడుగని తెలుస్తుందండీ." పన్నెండో నిమిషానికి ఇద్దరూ రాజీకి వచ్చారు. దుకాణదారు తన సొంత గొడుగు బాబాయి నెత్తిన పట్టాడు, ఆ గొడుగు నీడలో బాబాయి కొత్త గొడుగు విప్పాడు. గొడుగుకి గొడుగు పట్టి, ఇద్దరు పెద్దమనుషులు నడివీధిలో నిలబడ్డారు. ఊరంతా చూస్తోంది. అప్పుడు...

"అప్పుడు?" అన్నాను. చెయ్యి సంగతి మర్చిపోయాను.

"వాన వెలిసింది. ఇక చెయ్యి తియ్యి."

గోడ గడియారం చూశాను. పదిహేను నిమిషాలు. మణికట్టు మీద చిన్న ఎర్ర మచ్చ, అంతే. బాబాయి జేబులోంచి లిట్మస్ కాయితం ముక్క తీసి తడి చర్మానికి తాకించాడు. నీలంగానే ఉంది, ఎర్రబడలేదు. తల ఊపి తొట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి నేను కార్ఖానాలో కథ పూర్తిగా విన్నవాళ్ళ జట్టులో చేరిపోయాను. ఆ జట్టుకి గౌరవం ఉండేది. విననివాళ్ళకి ఒకటే బాధ. పాలిష్ మేస్త్రీ తొమ్మిదేళ్ళు పనిచేసి ఒంటిమీద ఒక్క చుక్క పడకుండా బతికిన జాగ్రత్తపరుడు. దాంతో ఆయనకి కథ తెలీదు. మేమెవరమైనా "పెదనాన్న తలుపు" అనుకుని నవ్వుకుంటుంటే ఉడుక్కునేవాడు. చివరికి ఒకరోజు నీళ్ళలో చెయ్యి ముంచుకుని, "చచ్చాన్రో, యాసిడ్!" అని అరుచుకుంటూ కుళాయి దగ్గరికి వచ్చాడు. బాబాయి కాయితం తాకించి చూశాడు. అది నీలంగానే ఉంది.

"ఇవి నీళ్ళు మేస్త్రీ."

"బాబాయ్, నీ పుణ్యం ఉంటుంది. పెదనాన్న తలుపు తీశాడా లేదా, అదొక్కటి చెప్పు."

"చెయ్యి తుడుచుకో," అని బాబాయి వెళ్ళిపోయాడు. మేస్త్రీ రెండు రోజులు తలుపు పిడుల మీద కసి తీర్చుకుంటూ పాలిష్ పట్టాడు.

ఇలా సాగుతుండగా కార్ఖానా యజమానురాలు తన అల్లుణ్ణి మేనేజరుగా దించింది. రసాయనశాస్త్రంలో బంగారు పతకం. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళతో సులువు, తప్పుకుని తిరగొచ్చు. ఈయన మంచి చెయ్యాలని వచ్చినవాడు, తప్పుకునే దారి లేదు. వచ్చిన వారానికి గోడకి రెండు సీసాలు వేలాడదీయించాడు. ఒకదాని మీద "యాసిడ్ పడితే", లోపల తినే సోడా కలిపిన నీళ్ళు. రెండోదాని మీద "కాస్టిక్ పడితే", లోపల వెనిగర్. కుళాయి ఉన్న చోట ఇంకో నికెల్ తొట్టి పెట్టాలని ఆయన పథకం. కుళాయి పోతే చోటు కలిసొస్తుంది, కథ పోతే పదిహేను నిమిషాలు కలిసొస్తాయి.

అందర్నీ పిలిచి చెప్పాడు. బాబాయి వెనక వరసలో నిలబడి విన్నాడు.

"బాబాయిగారూ, మీకు అనుభవం ఉంది. మీరే చెప్పండి. ఆమ్లమూ క్షారమూ కలిస్తే ఏమొస్తుంది?"

"వేడొస్తుంది బాబూ."

"ఉప్పూ నీళ్ళూ వస్తాయండీ!"

"అవి తర్వాత. పెళ్ళిలో భోజనాలు ఆఖర్న కదా, ముందొచ్చేది వియ్యంకుల తగువు. ఆ తగువు తొట్లో పెట్టుకోమనండి, నాకేం. మనిషి చర్మం మీద పెట్టొద్దు."

అల్లుడుగారు నవ్వాడు. "సీసాలో ఉన్నది పలచటిదండీ."

"చేతిమీద పడ్డది ఎంత చిక్కనో ఎవరికి తెలుసు? తక్కువ పోస్తే చాలదు. ఎక్కువ పోస్తే, అప్పుడు దీనికి విరుగుడేది? మూడో సీసానా? ఆ సీసా వెతికేలోగా పడ్డది పని కానిచ్చుకుంటుంది. నీళ్ళకి కొలతలేదు. పడ్డ క్షణానే పొయ్యొచ్చు."

మేస్త్రీ కిసుక్కుమన్నాడు. అది అల్లుడుగారికి ముల్లులా గుచ్చుకుంది. ముఖం ఎర్రబడింది, లిట్మస్ కాయితం అక్కర్లేకుండానే.

"సోమవారం ప్లంబరు వస్తాడు. కుళాయి తీసేస్తున్నాం. ఇది నిర్ణయం."

"సరే బాబూ. దాంతోపాటే నన్నూ పెకిలించుకోమనండి," అన్నాడు బాబాయి, "ఇదీ నిర్ణయమే."

మర్నాటినుంచి బాబాయి ఒక ఎత్తుపీట తెచ్చుకుని కుళాయికి వీపు ఆనించి కూర్చున్నాడు. తొట్ల దగ్గర పని చేస్తాడు, ఖాళీ దొరగ్గానే వచ్చి కూర్చుంటాడు. తిండి అక్కడే. పొద్దున అందరికంటే గంట ముందు వస్తాడు, సాయంత్రం అందరూ వెళ్ళాక లేస్తాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఆయన్ని లోపలికీ బయటికీ వదిలేవాడు. ఆ వాచ్‌మన్‌కి ఒకటే కన్ను. బాబాయి భార్యకి సొంత అన్న. ఇద్దరూ వరసకి ఒకరికొకరు బావలే గాని, ఒకరినొకరు చూసుకుని తల ఊపడం తప్ప మాట్లాడగా నేను చూడలేదు.

మాకు భయం పట్టుకుంది. బాబాయి అన్నమాట తప్పే రకం కాదు. కుళాయి పోతే ఆయన పోతాడు, ఆయన పోతే ఆ తొట్ల పక్కన మా ఒళ్ళు రెండు సీసాల పాలు. మేస్త్రీ అయితే, "ఆయన వెళ్ళిపోయేలోగా నామీద కాస్త యాసిడ్ చల్లండ్రా, కథైనా వింటాను," అన్నాడు.

సోమవారం వచ్చింది. ప్లంబరూ వచ్చాడు, భుజాన సంచీతో. బాబాయి పీట మీదనుంచి కదల్లేదు. ప్లంబరు ఆయన చెవి పక్కనుంచి చెయ్యి పోనిచ్చి రెంచి కుళాయి మెడకి బిగించాడు.

"పెద్దాయనా, కాస్త తల పక్కకి పెట్టండి."

"నా తలతో నీకు పనేంటి? నీ పని నువ్వు చేసుకో."

"తిప్పితే మోచెయ్యి తగుల్తుందండీ."

"తగలనీ."

ఇటు ఈ సంవాదం నడుస్తుండగానే అటు అల్లుడుగారు కాస్టిక్ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఆ పొద్దున్నే తొట్టి పలచబడిందని ఫిర్యాదు. దాన్ని చూసే మనిషి బాబాయి, బాబాయి ఆ రోజు పీట దిగడు. నాకు చేతకాదా అని అల్లుడుగారు తనే కాస్టిక్ పలుకుల సంచీ ఎత్తాడు. కళ్ళద్దాలు ఉన్నాయి, కాదనను. చూపు అవసరం నుదుటికే ఉన్నట్టు నుదుటి మీద ఉన్నాయి.

"బాబూ!" బాబాయి పీట మీదనుంచే అరిచాడు. "అది ఉడుకుతోంది. మంట ఆర్పి చల్లారనివ్వండి. పలుకులు కూడా సొంతంగా వేడెక్కుతాయి. చల్లారాక గరిటెడు గరిటెడు..."

"నాకు తెలుసండీ," అన్నాడు అల్లుడుగారు. సంచీ వంచాడు.

తొట్టి ఒక్కసారి బుస్సుమని పొంగింది. నురగ, ఆవిరి, దాంట్లోంచి చిమ్మిన చుక్కలు. అల్లుడుగారు రెండు చేతులతో ముఖం కప్పుకుని కేక పెట్టాడు.

"కన్ను! నా కన్ను! ఆ సీసా తీసుకురండి! వెనిగర్!"

మాలో ఒకడు నిజంగానే సీసా కోసం పరుగెత్తాడు. నన్ను అడిగితే ఆ పరుగు నాకు బాగా తెలుసు, పుస్తకం చదివినవాడి పరుగు. కాని వాడికంటే ముందు గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి అలా పరుగెత్తగా నేను చూడలేదు. గోడ మీది సీసా లాక్కుని చొక్కాలో దోపుకుని, "దీని జోలికొస్తే కాళ్ళు విరగ్గొడతాను," అన్నాడు.

బాబాయి అప్పటికే పీట దిగి అల్లుడుగారి మెడ పట్టుకున్నాడు. కళ్ళకోసం ఆయన ఎప్పుడో పాత గొట్టం వంచి కుళాయికి ఒక అమరిక చేసిపెట్టాడు. తిప్పితే రెండు మెత్తటి ధారలు పైకి లేస్తాయి. ప్లంబరు కంగారులో రెంచి తిప్పుతున్నాడు.

"అటు కాదురా! నువ్వు ఊడదీస్తున్నావ్! రెంచి వదిలి పిడి తిప్పు!"

నీళ్ళు లేచాయి. బాబాయి అల్లుడుగారి ముఖం వంచి, రెప్పల్ని రెండు వేళ్ళతో విప్పి పట్టుకుని, ధార కన్ను లోపలినుంచి పక్కకి పారేటట్టు చూశాడు. "మేస్త్రీ, ఆ తడిసిన చొక్కా కత్తిరించెయ్. తొడుగులు వేసుకుని. బెల్లులోడా, అమ్మగారికి చెప్పు, డాక్టరుకి ఫోను చెయ్యమను. కాస్టిక్ అని చెప్పమను." నా పేరు ఆయనకి ఎప్పుడూ గుర్తుండేది కాదు.

తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఒకరోజు మబ్బు పట్టింది. నాకు గొడుగు లేదు."

"మీ గొడుగుని... వదలండి నన్ను! నా కన్ను పోతోంది!"

"కొందామని బయల్దేరాను. దారిలో మా పెదనాన్న ఇల్లు..."

అల్లుడుగారు తన్నుకున్నాడు, తిట్టాడు, ఏడ్చాడు. పెదనాన్న తలుపు తియ్యలేదు. నేను ఫోను సంగతి చూసి వచ్చేసరికి యజమానురాలు కూడా వెనకే పరుగున వచ్చింది. "డాక్టరు అరగంటకి తగ్గకుండా కడగమంది. ఆపకుండా, దారి పొడుగునా కూడా పోస్తూ తీసుకురమ్మంది," అని చెప్పి అల్లుడి చెయ్యి పట్టుకుని అక్కడే నేలమీద నీళ్ళలో కూలబడింది. పెదనాన్న చువ్వల గొడుగు ఇచ్చాడు. పాలిష్ మేస్త్రీ కత్తెర చేతిలోనే పట్టుకుని నోరు తెరుచుకుని వింటున్నాడు. తొమ్మిదేళ్ళ ఆకలి.

ఎనిమిదో నిమిషంలో అల్లుడుగారు కాస్త శాంతించాడు. "నొప్పి తగ్గింది బాబాయిగారూ. జారుగా ఉంది, అంతే. సబ్బులా. ఇక చాలేమో."

"సబ్బులా ఉందంటే ఇంకా ఉందన్నమాట. యాసిడ్ కసురుకుంటుంది బాబూ, పడగానే తెలుస్తుంది. ఇది నిదానం మనిషి. నవ్వుతూ లోపలికి నడిచి పోతుంది. నొప్పి తగ్గిందని నమ్మకూడదు. దుకాణదారు ఏమన్నాడో తెలుసా?"

"ఏ... ఏమన్నాడు?"

అన్నీ జరిగాయి. గొడుగుకి గొడుగు పట్టారు. ఊరంతా చూసింది. మాకు తెలుసు, ఇప్పుడు వాన వెలుస్తుంది. మేము లోలోపల ఆయనతోపాటే అనుకుంటున్నాం. గడియారం ముల్లు పదిహేనో నిమిషం మీదికి వచ్చింది.

"అప్పుడు," అన్నాడు బాబాయి, "వాన వెలవలేదు."

ఇన్నేళ్ళలో ఎవరూ వినని మాట. నా పక్కనున్నవాడు నా చెయ్యి గిల్లాడు. ప్లంబరుకి ముందు సంగతి తెలీదు గాని, మా ముఖాలు చూసి అతనూ సంచీ మీద కూర్చున్నాడు.

వాన పెరిగిందట. దుకాణం కప్పు కారడం మొదలుపెట్టింది. నూటయాభై గొడుగులున్న దుకాణంలో దుకాణదారూ, బాబాయీ, పిల్లీ తడుస్తూ నిలబడ్డారు. ఒక్క గొడుగు విప్పడానికి లేదు, భార్య నియమం. "బాల్టీలు పెట్టుకోవయ్యా." "బాల్టీలు పక్క దుకాణంలో అమ్ముతారండీ. వాడు గొడుగులు మా దగ్గర కొనడు." అంతలో ఆ భార్యే వచ్చింది, గొడుగు లేకుండా, తడిసి. అల్లుడుగారు కుళాయి కిందనుంచే కిసుక్కున నవ్వాడు. నీళ్ళు ముక్కులోకి పోయి దగ్గాడు. "నవ్వు తర్వాత. కన్ను విప్పు," అన్నాడు బాబాయి, కథ తెగకుండా.

అరగంట దాటాక బండిలో ఎక్కించారు. వాచ్‌మన్ బిందెతో నీళ్ళు పట్టుకుని ఎక్కాడు. అతను పోస్తుంటే బాబాయి రెప్పలు పట్టుకుని చెప్తూనే ఉన్నాడు. నేను బెల్లు మోగిస్తూ ముందు కూర్చున్నాను, జనం తప్పుకోవడానికి. నా ఉద్యోగం ఒక్కసారైనా ఎవరికో ఉపయోగపడింది. ఆసుపత్రిలో డాక్టరు ఇంకాస్త కడిగించి, కన్ను మూల తడికి కాయితం ముక్క తాకించింది. బాబాయి కథ ఆపి ఆమె ముఖం చూశాడు. ఆమె రంగు చూసి, తల ఊపింది.

"వాన వెలిసింది," అన్నాడు బాబాయి. "ఇక కన్ను మూసుకో అల్లుడూ."

డాక్టరమ్మ మందులు రాస్తూ రాస్తూ, "ఇంతకీ ఆవిడ గొడుగు విప్పిందా?" అని అడిగింది. ఆమె చేతులు తడిగానే ఉన్నాయి కాబట్టి బాబాయి చెప్పాడు. "విప్పిందమ్మా. సీసాలన్నీ పగిలాయి."

కన్ను రెండు వారాలు మందారపువ్వులా ఎర్రగా ఉండి, తర్వాత మామూలైంది. అల్లుడుగారు తిరిగి వచ్చిన రోజే రెండు సీసాలూ స్వయంగా దించాడు. వచ్చిన ప్లంబర్నే మళ్ళీ పిలిచి ఇంకో రెండు కుళాయిలు పెట్టించాడు. కథని అచ్చు వేయించి గోడకి తగిలిస్తానన్నాడు.

"చదవాల్సిన కళ్ళే మూసుకుపోతే?" అన్నాడు బాబాయి.

దాంతో అందరూ కథ కంఠతా పట్టాలని ఆజ్ఞ అయింది. అల్లుడుగారే ముందు అప్పజెప్పాడు. నాలుగు నిమిషాల్లో వాన వెలిసింది. "తప్పారు," అన్నాడు బాబాయి. బంగారు పతకం మనిషికి అది జీవితంలో మొదటి తప్పడం. మేస్త్రీకి పదిహేనుకి పదిహేను వచ్చాయి.

నాకు మాత్రం ఒక సందేహం తొలుస్తూ ఉండేది. రెండో భాగం ఉంటే మూడోది ఉండదా? ఒక సెలవురోజు పొద్దున్నే బాబాయి ఇంటికి వెళ్ళాను. వంటింట్లోంచి నీళ్ళ చప్పుడు. తొంగిచూశాను. వాచ్‌మన్ కుళాయి కింద చెయ్యి పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు. బాబాయి ఎదురుగా నిలబడి చెప్తున్నాడు. పిన్ని గడియారం పట్టుకుని ఉంది.

"ఇక్కడ నలభై సెకన్లు తగ్గాయి," అంది పిన్ని. "పక్క దుకాణంవాణ్ణి ఇంకాస్త మాట్లాడించండి."

"పిల్లిని మళ్ళీ తీసుకురా బావా," అన్నాడు వాచ్‌మన్. "పిల్లి వస్తే ఎవడూ లేచిపోడు."

నన్ను చూసి ముగ్గురూ దొంగల్లా అయిపోయారు. తర్వాత వాచ్‌మనే చెప్పాడు, చెయ్యి తుడుచుకుంటూ. ఇరవై ఏళ్ళ కిందట అదే తొట్టి దగ్గర తన కంట్లో కాస్టిక్ పడింది. బాబాయే కుళాయి కింద పెట్టాడు. "నేను ఏడ్చాను. నొప్పి తగ్గింది, వదిలెయ్ బావా అని కాళ్ళు పట్టుకున్నాను. పాపం, మూడు నిమిషాలకే జాలిపడి వదిలేశాడు. అసలే మెత్తటి మనిషి. నోరు లేనివాడు, నచ్చజెప్పడం రాదు."

బాబాయి గోడవైపు తిరిగి ఏదో సర్దుతున్నాడు.

"తర్వాత ఒకరోజు అన్నాను. బావా, గడియారం చూపిస్తే మనిషి ఉండడు, గదిమితే ఉండడు. ఆ రోజు నువ్వు మంచి కథ చెప్పి ఉంటే నేను ఉండేవాణ్ణి అని. దాంతో ముగ్గురం కూర్చుని కట్టాం. నాకు ఎక్కడ లేచిపోవాలనిపిస్తే అక్కడ ఇంకో ముడి వేశాం. అలా పదిహేను నిమిషాలు అయ్యేదాకా. పెదనాన్న చువ్వలున్నాయే, అవి నావి."

"దుకాణదారు భార్య నాది," అంది పిన్ని వెంటనే. "అసలు కథకి ప్రాణం ఆవిడే."

"చువ్వలు లేకపోతే మూడో నిమిషంలోనే లేచిపోతారే!"

"మరి బాబాయిది ఏది?" అన్నాను.

బాబాయి ఇటు తిరిగాడు. "వాన," అన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి నా కాళ్ళు మళ్ళీ దురద పెట్టాయి. వచ్చేశాను. ఎన్ని ఊళ్ళు తిరిగానో చెప్పలేను. మొన్న నేనుంటున్న అద్దె ఇంట్లో తూము పూడుకుపోతే కాస్టిక్ తెచ్చాను. ముసలితనంతో పాటు బద్ధకం వచ్చింది, చేతితొడుగులు వెతకలేదు. మణికట్టు మీద చిందింది. పరుగున వెళ్ళి కుళాయి కింద పెట్టాను. నాకు తెలియకుండానే నోరు కదిలింది. "ఒకరోజు మబ్బు పట్టింది..."

ఇల్లు అద్దెకిచ్చినావిడ గుమ్మంలోకి వచ్చింది. "ఎవరితో మాట్లాడుతున్నారండీ?"

"ఎవరితోనూ కాదమ్మా. గొడుగు కొనడానికి వెళ్తున్నాను."

ఆవిడ వింతగా చూస్తూ నిలబడింది. పెదనాన్న తలుపు తీసేసరికి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. చువ్వల దగ్గర నవ్వింది. దుకాణం వచ్చింది. నేను ఆగిపోయాను.

"ఆపారేం? ఆ దుకాణదారు భార్య ఏమంది?"

"చెప్పకూడదమ్మా. మీ చేతులు పొడిగా ఉన్నాయి."

ఆవిడ నన్నూ, నీళ్ళనీ, తన చేతుల్నీ చూసుకుంది. తర్వాత గాజులు పైకి తోసుకుని, నా చెయ్యి పక్కన తన చెయ్యి కూడా కుళాయి కింద పెట్టింది.

"ఊఁ, చెప్పండి."

ఇంకా ఎనిమిది నిమిషాల వాన ఉంది.